ఎర్రదీపం మీద బొట్టుబిళ్ళ

పాడేరులో ఉండే వేదాంత గురువు చిదానందయ్యగారికి ఒక అలవాటు. ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పరు, లేచి చెప్పులు తొడుక్కుంటారు. తెలిసినవాళ్ళు మారుమాట్లాడకుండా వెంట నడుస్తారు.

ఆ ఆదివారం పరాంకుశం వచ్చి కూర్చున్నాడు. సర్వే ఆఫీసులో చేసి రిటైరైన మనిషి, పదేళ్ళుగా గురువుగారి దగ్గర వేదాంతం వింటున్నాడు. భార్య కనకవల్లి పోయి రెండేళ్ళు. నాలుగుసార్లు గొంతు సవరించుకుంటే గాని మాట పెగల్లేదు. వారమంతా వాడని గొంతు మరి.

"గురువుగారూ, నాకే బాధా లేదు. వేళకు తింటున్నాను, వేళకు పడుకుంటున్నాను. అనకాపల్లిలో మా చెల్లెలు గోదా మాత్రం వచ్చి మా ఇంట్లోనే ఉండమని ప్రాణం తోడేస్తోంది. నాకోసం గది ఖాళీగా ఉంచిందట. ఇవాళ కొండ దిగి వెళ్ళి, రానని తేల్చి చెప్పేస్తాను. బాధే లేనివాడు ఉందని ఎందుకు ఒప్పుకోవాలండీ?"

గురువుగారు చెప్పులు తొడుక్కున్నారు. "పద, నేనూ వస్తాను."

పరాంకుశానిది పాత హైబ్రిడ్ కారు. ముందు సీట్లో కూర్చున్న గురువుగారికి స్టీరింగు వెనక, మీటరు అద్దం మీద, మెరూన్ రంగు బొట్టుబిళ్ళ కనపడింది. చెయ్యి చాపి గోటితో ఒలిచారు. దాని కింద ఎర్రదీపం వెలుగుతోంది.

"బ్రేకు దీపమండీ," అన్నాడు పరాంకుశం, దొంగతనం బయటపడ్డట్టు. "నాలుగు నెలలుగా ఇంతే. బ్రేకు మాత్రం భేషుగ్గా పడుతోంది. ఊరికే కంట్లో పొడుస్తుంటే, మా ఆవిడ బీరువా అద్దానికి అంటించి వదిలేసిన బిళ్ళల్లో ఒకటి తెచ్చి..."

దీపం ఆర్పడం చేతగాక దానికి బొట్టు పెట్టాడు, మహానుభావుడు! నవ్వొస్తుంది, నిజమే. కానీ ఆ బిళ్ళ ఒలుచుకున్న రోజు అతను ఆ అద్దం ముందు ఎంతసేపు నిలబడిపోయాడో చూడటానికి ఆ ఇంట్లో ఎవరున్నారు గనక?

గురువుగారు కారును ఘాట్ రోడ్డు వైపు కాక, మెకానిక్ జిలానీ షెడ్డుకు పోనిమ్మన్నారు. జిలానీ బానెట్ ఎత్తి చాలాసేపు చూశాడు, నాలుగైదుసార్లు పెడల్ తొక్కించాడు.

"ఈ బండి కిటుకు ఏమిటంటే సార్, మీరు బ్రేకు తొక్కితే సగం పని కరెంటు మోటారే చేసేస్తుంది. ఆ బలం బ్యాటరీలోకి పోతుంది. మీ అసలు బ్రేకులో ఒత్తిడి నిలబడటం లేదు. మోటారు కాపు కాస్తోంది కాబట్టి మీకు తెలియట్లేదు, అంతే. పెద్ద దిగుడులో బ్యాటరీ నిండిపోయిందా, మోటారు చేతులెత్తేస్తుంది. ఇక మొత్తం ఆ బ్రేకు మీదే భారం."

"బాగానే ఆగుతోందనుకున్నానయ్యా," అని గొణిగాడు పరాంకుశం.

అప్పుడే చొక్కా జేబులో ఫోను వెలిగింది. శబ్దం లేదు. గోదా పేరు చూసి, అతను దాన్ని మళ్ళీ జేబులోకి తోసెయ్యబోయాడు.

"దీని మీద ఏం అంటించావయ్యా?" అన్నారు గురువుగారు.

రోజూ చేసే ఫోనే అది. దాని నోరు నొక్కింది తనే. పరాంకుశానికి తల కొట్టేసినట్టయింది. ఫోను చెవిన పెట్టుకున్నాడు.

"అన్నయ్యా, బయల్దేరావా? ఏమైనా తిన్నావా?"

రెండేళ్ళుగా, ఎప్పుడైనా ఫోనెత్తితే, ఈ ప్రశ్నకు ఒకటే జవాబు: ఆఁ, బాగానే ఉన్నాను. ఈసారి అది రాలేదు.

"లేదే గోదా," అన్నాడు. "ఒక్కణ్ణీ ఉండలేకపోతున్నానే." అని షెడ్డు గోడకేసి తిరిగి, ఫోను పట్టుకునే వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆ ఏడుపు నెమ్మదించాక గురువుగారు వేలి కొసనే ఉండిపోయిన బొట్టుబిళ్ళను అతని అరచేతిలో పెట్టి, జిలానీ వైపు తిరిగారు.

"బండి నీ దగ్గరే ఉంచుకో నాయనా. మేమిద్దరం బస్సులో దిగుతాం."