సూరాయమ్మ పడవ

అనగనగా ఏటి ఒడ్డున ఒక చిన్న ఊరుండేది బంగారూ. బడేమో అవతలి ఒడ్డున. పిల్లల్ని పడవలో దాటించేది సూరాయమ్మ. నాన్న పోయాక ఆ పడవ ఆవిడకొచ్చింది.

సూరాయమ్మకి ఎప్పుడూ దిగులే. పడవకి చిల్లు పడుతుందేమో, గాలి లేస్తుందేమో, ఏ పిల్లయినా జారిపోతుందేమో! ఒక దిగులు పోతే ఇంకోటొచ్చి కూర్చునేది. గుండె దడదడ, చేతులు వణుకు. అన్నం సయించదు, నిద్ర పట్టదు. నెలల తరబడి ఇదే వరస. చివరికి పిల్లల్ని ఎక్కించుకోవడమే మానేసింది.

అప్పుడు వాళ్ళాయన "ఊరికే ఆలోచించకే" అన్నాడు. ఆలోచన ఆగితేగా! ఆ తర్వాత అత్తగారు తాయెత్తు కట్టింది. అది ఊడిపోతుందేమోనని ఇంకో దిగులు పట్టుకుంది. ఆ తర్వాత ఊరిపెద్ద వీర్రాజు వచ్చాడు. "పిరికిదానివి, నీకెందుకమ్మా పడవ? మా తమ్ముడికిచ్చెయ్" అన్నాడు.

సూరాయమ్మకి ఒళ్ళు మండింది. "మా నాన్న పడవ. ఎవరికీ ఇవ్వను" అంది. అని, తెడ్డు అందుకుని తిన్నగా పక్కూరి ఆసుపత్రికి పోయింది.

డాక్టరమ్మ అంతా వింది. "ఇది పిరికితనం కాదు సూరాయమ్మా, జబ్బు. అతి ఆందోళన అంటారు. జ్వరమొస్తే నీ తప్పా? ఇదీ అంతే" అంది. మందు రాసింది. దడ వచ్చినప్పుడు ఊపిరి మెల్లగా వదలమంది. సాయంత్రం ఒక్క అరగంట దిగులుకిచ్చి, మిగతా వేళల్లో వస్తే తర్వాత రమ్మని పంపెయ్యమంది. భయమేసే పని మాత్రం మానొద్దు, కొంచెం కొంచెంగా చెయ్యమంది.

అప్పుడు సూరాయమ్మ ఒక వారం ఒంటరిగా ఏరు దాటింది. ఆ తర్వాత వారం వాళ్ళాయన్ని ఎక్కించుకుంది. మూడో వారం పిల్లల్ని పిలిచింది.

రేవులో వీర్రాజు అడ్డం నిలబడ్డాడు. "చేతులు చూడండి, ఎలా వణుకుతున్నాయో! ఎవరూ ఎక్కకండి!"

"వణుకుతాయి. వణకనీ!" అంది సూరాయమ్మ. "దిగులొస్తే దాన్నీ ఎక్కించుకుంటాను. తెడ్డు మాత్రం దాని చేతికివ్వను. నీ చేతికీ ఇవ్వను."

పైడితల్లి అనే పిల్ల పుస్తకాల సంచీతో గబుక్కున ఎక్కేసింది. దాని వెనకే అందరూ ఎక్కారు.

నడి ఏట్లో, పడవ అడుగున నీళ్ళు చేరాయేమో అనిపించింది సూరాయమ్మకి. ఒకసారి వంగి చూసింది. పొడిగానే ఉంది. ఇదివరకైతే పదిసార్లు చూసేది. ఈసారి రెండోసారి చూడలేదు. ఊపిరి మెల్లగా వదిలింది, తెడ్డు వేసింది. ఒడ్డు తగలగానే పిల్లలు వెనక్కైనా చూడకుండా బడికి పరుగు!

దిగులు మళ్ళీ రాలేదా అంటావా? వచ్చింది. ఇప్పటికీ వస్తుంది. అయినా ఆనాటి నుంచి ఏ ఒక్క రోజూ పడవ ఆగలేదు. వీర్రాజుకి అవతల పనుంటే ఆయనా రేవులో నిలబడి, "సూరాయమ్మా, కాస్త దాటించమ్మా" అనాల్సిందే.

కథేమో కంచి బాట పట్టె,
మా బంగారు కంటికి కునుకు పట్టె.