కంపలమ్మకు ముళ్ల మొక్కు

ఈ కథ ఎన్నడూ వినని పిల్లలారా! మెట్టవలస గుట్ట మీది లక్ష్మీదేవి గుడికి భక్తులు పూలసజ్జలతో వెళ్లరు, రేగు కంపలతో మెట్లెక్కుతారు. అందుకే అమ్మవారికి కంపలమ్మ అని పేరు. మండపం కప్పు కింది గూటిలో తెల్లని గుడ్లగూబలు పగలంతా కునుకు తీస్తూ కనిపిస్తాయి.

పూర్వం ఇక్కడ పాడుబడిన మండపమూ అమ్మవారి విగ్రహమూ మాత్రమే ఉండేవి. ఊరి గాదెల్లోని విత్తనపు వడ్లను ఎలుకల బారి నుండి కాచేవి ఈ గూబలే. ఒక ఏడు ముసురు విడవలేదు. మెత్తని ఈకలు తడిసి, వేటకు ఎగరలేక, చాలా గూబలు ఆకలితో చనిపోయాయి. ఒక్క జంట మిగిలింది. దాని గూటిలోనూ గుడ్లు ఒక్కొక్కటే మాయం కాసాగాయి. మేకలు కాచే ఎర్రెమ్మ అది గమనించి దిగులుపడింది. ఈ జంట కూడా పోతే వచ్చే ఏటికి విత్తనం మిగలదు.

ఆమెకు కలలో అమ్మవారు కనిపించి, "నా వాహనమైన గూబను కాపాడు. పూలు వద్దు, ముళ్లు తే" అని ఆజ్ఞాపించింది.

ఆమె భర్త అప్పన్న పగలబడి నవ్వాడు. "పూలు కొయ్యడానికి బద్ధకమేసి కన్న కలేటే అది?"

"మావా, నీ గురకకి ఏ దేవతా నీ కల్లోకి రాదు గానీ, ఆ కత్తి ఇలాగియ్యి."

ఎర్రెమ్మ రేగు కంప కొట్టి తెచ్చి, భక్తితో అమ్మవారి పాదాల ముందు పెట్టింది. మర్నాడు మరో గుడ్డు పోయింది. ఇక రెండే మిగిలాయి. ఆమె విగ్రహం ముందు కూలబడి ఏడుస్తుండగా, ఒక ఉడుము స్తంభం పట్టుకుని గూటి వైపు పాకుతూ కనిపించింది. పైకి వేరే దారి లేదు.

"అమ్మా, ముళ్లు నీకు కాదా!" అంటూ ఉడుమును తరిమి, పాదాల దగ్గరి కంపను తీసి స్తంభానికి చుట్టింది. ఉడుము మళ్లీ వచ్చింది, ముళ్లు గుచ్చుకుని వెనుదిరిగింది.

కొన్నాళ్లకు గూటిలోంచి బుసలు వినిపించాయి. "పామే!" అంటూ అప్పన్న మెట్లు దూకి పారిపోయాడు. ఎర్రెమ్మ కడుపుబ్బ నవ్వింది. అవి తిండి కోసం అరుస్తున్న గూబ పిల్లలు.

నేటికీ విత్తనాలు చల్లే ముందు ప్రతి ఇంటి నుండి కొత్త కంప వస్తుంది. మెతుకులు రాలితే కాకులు మూగి గూబలను పొడుస్తాయని, ప్రసాదాన్ని ఆరుబయట తినరు. వానను ఆపడం ఎవరి తరమూ కాదు గనుక, చేయగలిగిన ఈ రెండూ చేస్తారు. అలా చేసినవారి గాదె నిండుతుందని, గర్భిణులకు సుఖప్రసవమవుతుందని నమ్మకం.

పిల్లలారా, మీరూ ఈ కథ మరొకరికి చెప్పండి. కంప పట్టుకునేటప్పుడు చేతికి గుడ్డ చుట్టుకోమనండి. కంపను కట్టవలసింది పాదాల దగ్గర కాదు, స్తంభానికి. ఆ మాట మాత్రం మరువకుండా చెప్పండి.