ఆకులమ్మ గెడ్డను ఎందుకు ఊడ్వరు

ఆకులమ్మ తల్లి గుడికి కొత్తగా వచ్చినవారు ముక్కున వేలేసుకుంటారు. కొండ మీది నుంచి దిగే సెలయేటిని మా ప్రాంతంలో గెడ్డ అంటారు. గుడి ముందు గెడ్డ నిండా రాలిన ఆకులు నాని నల్లబడి ఉంటాయి, తీసే నాథుడు ఉండడు. భక్తులు దయచేసి చీపురు అడగవద్దు, సేవ పేరుతో ఒక్క ఆకైనా తీయవద్దు. అందుకు కారణం ఉంది.

పూర్వం ఇక్కడ గుడి లేదు. గట్టున ఏరుమద్ది చెట్లు, నీటి మధ్య తల్లి వెలసిన నల్లరాయి, పక్కన సన్యాసమ్మ అనే ఆవిడ గుడిసె మాత్రమే ఉండేవి. ఒకే ఏడాది జ్వరాలతో ఆమె భర్త, చంటిబిడ్డ పోయారు. నా అన్నవారు లేని ఆ ఇల్లాలు రోజూ మధ్యాహ్నం గెడ్డలో కాళ్లు పెట్టుకుని కూర్చునేది. పరిగెలనే వేలెడంత చేపలు గుంపుగా వచ్చి పాదాలు గీకేవి. వాటికి తన గోడంతా వెళ్లబోసుకునేది.

“ఏటే సన్నేసమ్మా, సేపలతో కబుర్లేటే?” అని ఆవులు తోలుకుపోయే పోలినాయుడు ఆట పట్టించేవాడు.

“ఇనేవోళ్లు ఇవే కదన్నా,” అనేది ఆమె.

పిచ్చితల్లి, ప్రేమకొద్దీ తప్పు చేసింది. కుళ్లిన ఆకుల్లో తన పరిగెలు ఎలా బతుకుతున్నాయోనని దిగులుపడి, గంపతో ఆకులన్నీ తోడి పారేసింది. మళ్లీ రాలకుండా గట్టు మీది మద్దిచెట్లు నరికించింది. ఖాళీ అయిన నేలను నీటి అంచుదాకా దున్ని చోళ్లు, అంటే రాగులు, పండించింది. గెడ్డ అద్దంలా మెరిసింది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు.

ఆ వేసవికి నీడలేని నీరు కాగింది. రాళ్లకు పచ్చని పాచి పట్టింది. తొలకరికి దున్నిన ఎర్రమట్టి కోసుకువచ్చి, పరిగెలు గుడ్లు పెట్టే గులకరాళ్ల సందులన్నీ పూడ్చేసింది. సన్యాసమ్మ కాళ్లు పెట్టుకుని కూర్చుంది. ఒక్కటీ రాలేదు. మరునాడూ రాలేదు. ఉన్న కాస్త తోడునూ తన చేతులతోనే పోగొట్టుకున్నానని ఆమెకు తెలిసింది.

మూడు రోజులు అన్నం ముట్టక రాయి ముందు పడి ఉంటే, కునుకులో తల్లి కనిపించింది. “నా నెత్తిన నీడ తీసేశావు. నా బిడ్డల ముందు కంచం లాగేశావు. నానిన ఆకును పురుగు తింటుంది, పురుగును చేప తింటుంది. ఇక వాటికి నేనేం పెట్టను?” అని అడిగింది. కోపంతో కాదు, చేతకాక అడిగింది.

ఆ ఏడాది నుంచి సన్యాసమ్మ గట్టున నాగలి పెట్టలేదు. మద్దిగింజలు నాటింది. అవి పెరిగేలోగా అడవి నుంచి గంపలతో ఆకులు మోసి గెడ్డలో వేసింది. జనం ఈసారి పిచ్చిదన్నారు. పోలినాయుడు కాలం చేశాక పలకరించే గొంతే లేకపోయింది. అయినా రోజూ ఖాళీ నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చునేది. చెప్పాల్సిన కబుర్లన్నీ మనసులోనే దాచుకుంది.

పదిహేడో ఏడు కార్తీకానికి రెండు గట్ల చెట్ల నీడ నీటి మీద కలిసింది. ఒక మధ్యాహ్నం బొటనవేలి దగ్గర చురుక్కుమంది. చూస్తే ఒక పరిగె, దాని వెనుక మరో నాలుగు. దాచుకున్న మాటల్లో ఒక్కటీ ఆమె నోటికి రాలేదు. “తిన్నారా?” అని మాత్రం అడిగి ఏడ్చింది.

నేటికీ గెడ్డకు ఇరువైపులా నలభై అడుగుల లోపల నాగలి దించరు. దర్శనమయ్యాక భక్తులు ఒక్కొక్కరుగా నీళ్లలో కాళ్లు ఉంచి, పరిగెలను ఆ మాటే అడుగుతారు. అలా అడిగినవారిని తల్లి కడుపులో పెట్టుకు చూసుకుంటుందని నమ్మకం. పండుగలకు ఇక్కడ రద్దీ ఉండదు. ఇంటి దగ్గర తమను ఆ మాట అడిగేవారు లేనివారే ఎక్కువగా వస్తారు.