పెట్టెలో మిగిలిన కీ

"ఒక పాత గ్రామఫోనును విప్పి, అందులోది తీసి ఇంకో గ్రామఫోనును బతికించడం తప్పా, ఒప్పా గురువుగారూ?" అని సామ్రాజ్యం అడిగినప్పుడు వీరభద్రాచారి గారు తలెత్తలేదు. తెనాలిలో కాలవ గట్టున ఆయనకొక ఇరుకు కొట్టు. పాత గ్రామఫోన్లు బాగుచేయడం ఒక్కటే ఆయనకి తెలిసిన పని, ఎవరికైనా నేర్పితే అదే నేర్పుతారు. తప్పొప్పుల ప్రశ్నలకి మాత్రం ఆయన దగ్గర ఎప్పుడూ ఒకటే జవాబు. "చూద్దాంలే," అంటారు. ఆ చూసేది ఎప్పుడని అడగకూడదు. ఆ పొద్దున కూడా అదే మాట అని, చేతిలో ఉన్న ఇత్తడి ముక్కను గుడ్డతో తుడుచుకుంటూ ఉండిపోయారు.

సామ్రాజ్యం ఊరికే అడగలేదు. ఆమె భర్త కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. ఆయన పోయాక ఆ పనిముట్ల సంచీ భుజాన వేసుకొచ్చి ఈ కొట్టులో పనికి చేరింది. ఇప్పుడు ఆమె ముందు బల్ల మీద రెండు గ్రామఫోను పెట్టెలున్నాయి. ఒకటి కమలాంబ గారిది. ఆవిడ ఒకప్పుడు స్టేజీ మీద పద్యం అందుకుంటే పందిరి బయట సోడాలమ్మేవాళ్ళు కూడా సీసా కొట్టడం ఆపేవారట. గొంతుకి ఆపరేషనయ్యాక ఆవిడకి గుసగుస తప్ప మాట రావడం లేదు. వయసులో పాడిన పద్యం ఒక్కటి రికార్డు మీద మిగిలింది. మర్నాడు మేనకోడలు ఆవిణ్ణి బళ్ళారి తీసుకుపోతోంది. పెట్టె పాడితేనే సామాన్లలో చోటిస్తానని, పాడకపోతే పాత ఇనుములో వేసేయమని ఆ పిల్ల తెగేసి చెప్పింది. పెట్టెలో స్ప్రింగు ముక్కలైపోయింది. ఆ కొలతది ఎక్కడ వెతికినా దొరకలేదు. అయినా సామ్రాజ్యం, సాయంత్రానికి పాడిస్తానమ్మా అని మాటిచ్చేసింది.

రెండో పెట్టె పూర్ణచంద్రది. కొత్తగా కాఫీ హోటలు పెడుతున్నాడు. పెట్టె వాళ్ళమ్మది, ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. రికార్డు మీద సూదిని ఆనించే చెయ్యి ఎప్పుడో విరిగిపోయింది గాని, లోపలి స్ప్రింగు సరిగ్గా కమలాంబ గారి పెట్టె కొలతే. అతనికి లోపలివేవీ అక్కర్లేదు. అవన్నీ తీసేసి, బాకాలో దీపం, పెట్టెలో కొత్త స్పీకరు పెట్టమన్నాడు. "పైకి చూస్తే మా తాతలా ఉండాలక్కా, నోరు తెరిస్తే నా కూతురిలా పాడాలి," అని నవ్వి, తీసిన సామాను మీరే ఉంచుకోండి అన్నాడు. అడక్కుండానే వరం దొరికినట్టయింది ఆమెకి. అయినా మనసులో ఏదో ముల్లు కదిలి, ఆ ప్రశ్న అడిగింది.

ఆ కొట్టులో ఒక పద్ధతి ఉంది. ఏ పెట్టెనైనా విప్పేముందు, తిరిగే పళ్ళెం అంచున వేలు ఆనించి కాస్త నెట్టి చూడాలి. పళ్ళెం తిరిగి వేలిని నెట్టిందంటే లోపల ఇంకా కీ మిగిలి ఉన్నట్టు. దాన్ని నాడి చూడటం అంటారు ఆచారిగారు. సామ్రాజ్యం ఏ రోజూ నాడి చూడకుండా విప్పింది లేదు. ఆ రోజు తొందరలో ఉంది. పైగా కీ తిప్పే హ్యాండిలు పెట్టెతో రాలేదు, అది దూర్చే కన్నంలో సాలెగూడు పట్టి ఉంది. బ్రేకు తీసినా పళ్ళెం కదల్లేదు. హ్యాండిలే లేనిదానికి కీ ఎవరిస్తారని పళ్ళెం తీసి పక్కన పెట్టింది. లోపలి యంత్రాన్ని పైకి తీసి, వేగాన్ని అదుపులో పెట్టే గుండ్ల కడ్డీ మొదటి స్క్రూ విప్పేసింది. రెండోది సగం తిరిగింది.

లోపల టక్కున చప్పుడైంది. పక్కనున్న పళ్ళ చక్రం ఆమె బొటనవేలి కింద ఒక్కసారి ఒళ్ళు విరుచుకున్నట్టు కదిలింది. ఆమె ఉన్నపళంగా స్క్రూడ్రైవరు మొన దాని పళ్ళ మధ్య గుచ్చి పట్టుకుంది.

"చెయ్యి తీయకు," అన్నారు ఆచారిగారు.

ఆయన చెప్పకపోయినా ఆమెకి తెలుసు. ఎండి గట్టిపడిన గ్రీజు ఇన్నాళ్ళూ దాన్ని బిగబట్టింది. ఇప్పుడా గ్రీజు వదిలేస్తోంది. కడ్డీ ఊడిందా, స్ప్రింగు బలమంతా ఒక్క గుక్కలో బయటికొస్తుంది. పళ్ళు రాలిపోతాయి, స్ప్రింగు విరుగుతుంది, మధ్యలో ఉన్న వేళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. చక్రం ఆమె చేతిని నెడుతూనే ఉంది. కంట్లోకి చెమట దిగుతున్నా తుడుచుకోవడానికి రెండో చెయ్యి ఖాళీ లేదు. కమలాంబ గారు గొంతు మీద చెయ్యి పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుని ఉంటారన్న ఆలోచన ఒకటి, ఈ స్ప్రింగు విరిగితే ఆవిడకి ఏ ముఖంతో చెబుతానన్న ఆలోచన ఒకటి. అక్కడే బల్ల పక్కన కూర్చున్న పూర్ణచంద్ర, హోటలు గోడలకి వేసే రంగుల గురించి చెబుతున్నవాడల్లా ఆగిపోయాడు.

ఆచారిగారు బల్ల చుట్టూ తిరిగి వచ్చారు. తొందర పడలేదు. సగం ఊడిన స్క్రూను బిగించారు, ఊడినదాన్ని వెతికి తెచ్చి బిగించారు. అప్పుడు ఆమె చేతిని తన చేత్తో పట్టుకుని మెల్లగా పక్కకి తీశారు. కడ్డీ మళ్ళీ బిగిశాక చక్రం ఆగే ఉంది. ఆయన యంత్రాన్ని పెట్టెలో దించి, పళ్ళెం మళ్ళీ అమర్చి, బ్రేకు వేసి, పూర్ణచంద్ర వైపు తిరిగారు.

"దీనికి కీ ఇచ్చింది ఎవరు నాయనా?"

ఎవరూ ఇవ్వలేదని అతను అన్నాడు. అసలు హ్యాండిలే లేదు కదా అన్నాడు. అని, కాసేపటికి తనే మొదలుపెట్టాడు. చిన్నప్పుడు అతను ఊరికే కీ తిప్పేస్తున్నాడని వాళ్ళమ్మ హ్యాండిలు చింతపండు జాడీలో దాచేదట. మధ్యాహ్నం వంటింటి పని అయ్యాక కీ నిండా ఇచ్చి, హ్యాండిలు మళ్ళీ జాడీలో పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి పాట పెట్టుకునేదట. చివరిరోజు చేతులు కడుక్కోవడానికి వెళ్ళి దొడ్లోనే పడిపోయింది. ఆసుపత్రి నుంచి మళ్ళీ రాలేదు.

"అయితే ఈ కీ ఆ రోజుది," అన్నాడు పూర్ణచంద్ర.

ఆచారిగారు గ్రీజు వదలడానికి యంత్రంలో కాస్త కిరసనాయిలు చుక్కలు వేశారు. కీ ఉండగా స్ప్రింగు బయటికి తీయడం కుదరదని, అది తిరిగి తిరిగి దిగిపోవాల్సిందేనని చెప్పారు. దించమంటే దించుతాననీ, వద్దంటే ఇలాగే మూత వేసి ఇంటికి పంపుతాననీ అన్నారు. పూర్ణచంద్ర బ్రేకు మీద వేలు పెట్టాడు. పెట్టి అలాగే ఉండిపోయాడు. సామ్రాజ్యానికి కమలాంబ గారి సంగతి చెప్పేయాలనిపించింది. ఒక్క ముక్క చెబితే చాలు, కాదనలేడు. మాట నాలుక మీదికి వచ్చింది. ఆచారిగారు ఆమె వైపు ఒకసారి చూశారు. ఆమె మాట మింగేసింది. కాలవ వంతెన మీద ఒక బస్సు వెళ్ళింది, దాని వెనకే ఇంకొకటి. అతను వేలు వెనక్కి తీసుకున్నాడు. ఇక వద్దంటాడనుకుని ఆమె తల దించుకుంది.

బ్రేకు కదిలిన చప్పుడు వినబడింది.

పళ్ళెం ముందు మూలిగింది. తర్వాత ఎండిన గ్రీజు చిటపటమంటూ చుట్టు తిరిగింది. తర్వాత చప్పుడు లేకుండా, పాట లేకుండా తిరగసాగింది. పూర్ణచంద్ర దాని అంచున వేలు తేలిగ్గా ఆనించి కూర్చున్నాడు. అది అతని వేలి కిందనుంచి జారుతూ పోయింది. చాలాసేపటికి వేగం తగ్గింది, ఆగింది, ఆగాక కూడా ఒక వెంట్రుకవాసి కదిలి నిలిచిపోయింది.

అతను లేచాడు. "తీసుకోండక్కా. కానీ దీంట్లో స్పీకరూ అదీ ఏమీ పెట్టొద్దు. ఖాళీగానే ఇవ్వండి," అని, ముఖం అటు తిప్పుకుని చెప్పులు వేసుకున్నాడు.

సాయంత్రం కమలాంబ గారు మేనకోడల్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఆ స్ప్రింగు బిగించిన తన పెట్టెకి, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా కీ తనే ఇచ్చారు. పద్యం మొదలయ్యేసరికి మేనకోడలు గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆవిడ మాత్రం పెదవులు కదుపుతూ, రాని గొంతుతోనే చివరిదాకా వెంట పాడారు. రిక్షాలో పెట్టెను ఒళ్ళో పెట్టుకునే వెళ్ళారు.

కొట్టు కట్టేసే వేళ సామ్రాజ్యం బల్ల తుడుస్తూ పొద్దుటి మాటే మళ్ళీ ఎత్తింది. ఇంత మంచి జరిగింది కదా, అయితే విప్పడం తప్పు కాదన్నట్టేనా అని అడిగింది. ఆచారిగారు పూర్ణచంద్ర పెట్టె మూత దించి, దుమ్ము పడకుండా గుడ్డ కప్పారు.

"పొద్దున నువ్వడిగినప్పుడు ఇది ఖాళీగా లేదమ్మా," అన్నారు.