పూత దాకా

కూర్మనాథం గారికి అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. ఆయన దగ్గర వైద్యం నేర్చుకుంటున్న నీలాచలానికి జవాబు వచ్చేదాకా ఆగే అలవాటు లేదు. గురుశిష్యులకు రెండేళ్లు ఎలా గడిచాయో ధన్వంతరికే తెలియాలి.

ఆ ఉదయం నీలాచలం కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. మూలికలు నూరడానికి కొత్తగా చేరిన సింహాద్రి ఒకప్పుడు దొంగతనం చేసి జైలుకు వెళ్లొచ్చాడని ముందురోజు సంతలో విన్నాడు. వెళ్లమంటే సింహాద్రికి తలదాచుకునే చోటు లేదు. ఆ సంగతీ తెలుసు. అయినా సాయంత్రంలోగా పంపేయాలని పట్టుబట్టాడు.

"దొంగ అని తెలిశాక కూడా ఉంచుకుంటామా గురువుగారూ?"

ఆయన పెరటి మడిలో మందు కలబందతో మచ్చల కలబంద కలిసిపోయిందనీ, దాని రసం ఒంటికి పడదనీ, ఏరెయ్యమనీ చెప్పారు. నీలాచలం గంటలో పని ముగించాడు. చుక్కలున్న మొక్క ఒక్కటీ మిగల్లేదని చెప్పి, మళ్లీ సింహాద్రి మాటే ఎత్తాడు.

గురువు ఏరేసిన మొక్కల కుప్పలోంచి ఒక పిలకను తీసి తిప్పి చూశారు. వేరు కొడవలితో కోసి ఉంది. దేన్నుంచి కోశావని అడిగారు. పక్కనున్న పెద్ద మొక్క నుంచని, దానికి చుక్కల్లేవని చెబుతూ చెబుతూ నీలాచలం ఆగిపోయాడు.

మందు కలబందకూ చిన్నప్పుడు ఆకులనిండా తెల్లచుక్కలుంటాయని, ఎదిగేకొద్దీ పోతాయని అప్పుడు చెప్పారాయన. ఏది ఎక్కడ కోసిందో ఈ కుప్పలో ఇక తేలదు. పూత రావాలి. మందు కలబందకు పసుపు పూలు నిలువు కంకిగా వస్తాయి, రెండోదానికి నారింజ పూలు గొడుగులా విచ్చుకుంటాయి.

నీలాచలానికి సిగ్గేసింది. తొందర మాత్రం తగ్గలేదు. పూతకు ఎన్నాళ్లు పడుతుందని అడిగాడు. మూడేళ్లన్నారు. మంచిదో కాదో తెలియకుండా అన్నాళ్లు అన్నిటికీ నీళ్లు పొయ్యాలా అని గింజుకున్నాడు.

"కలబంద మొండిది, కోసినా మళ్లీ వేరు పడుతుంది," అన్నారు గురువు లేస్తూ. "సింహాద్రిని పిలు. ఇద్దరూ కలిసి నాటండి."

నీలాచలం రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. మరి సాయంత్రం సంగతేమిటని అడిగాడు.

"నీళ్లకు వంతులేసుకోండి. సాయంత్రం వంతు అతనిది."