పిల్లి ముందు పెట్టిన చేప

ఇంగ్లీషు మాట చెవిన పడితే చాలు, ఆ జమీందారు గారు మురిసిపోయేవారు. దివాణానికి సరుకులు తెచ్చే దుబాసీ పేర్రాజు ఆ సంగతి బాగా కనిపెట్టాడు.

ఒకనాడు అతను తెచ్చిన చేపను చూసి, "ఇది పాడైంది, నేను వండను" అంది వంటమనిషి నూకాలు.

జమీందారు మండిపడ్డారు. "ఫ్రెష్ అని పేర్రాజు చెబుతుంటే నీకేం తెలుసు? వండకపోతే రేపటి నుంచి పనిలోకి రాకు!"

నూకాలు బెదరలేదు. ఆసక్తిగా పేర్రాజు వైపు తిరిగి, "పాడైనవాటికి కూడా ఇంగ్లీషులో మాటలున్నాయా, బాబూ?" అని అడిగింది.

"లేకేం! గట్టిపడిన పాత రొట్టె స్టేల్, కంపుకొట్టే నెయ్యి రాన్సిడ్, మురిగిన గుడ్డు రాటెన్. ఈ చేప మాత్రం ఫ్రెష్!"

"అబ్బ, ఎన్ని మాటలో!" అంటూ నూకాలు చేపను వంటింటి పిల్లి ముందు పెట్టింది. పిల్లి ఒకసారి వాసన చూసి, గడప దాటి వెళ్ళిపోయింది.

జమీందారు కనుబొమలు ముడిపడ్డాయి. పేర్రాజు గబగబా, "పిల్లికి ఇంగ్లీషు రాదు కదండీ, ప్రభూ!" అన్నాడు.

"అయితే ఇది వండి మీకే పెడతాను బాబూ," అంది నూకాలు. "మా దొరగారి కడుపుకీ ఇంగ్లీషు రాదు."

జమీందారు పకపకా నవ్వారు. పిల్లి దాటిన గడపే పేర్రాజూ దాటాడు, చేపతో సహా.