మెస్ గురవయ్య గారి ప్రోగ్రాం

విజయనగరం పక్కన ఒక ఊళ్ళో, ఒకే ఇంట్లో ముగ్గురు పిల్లలుండేవారు. అన్నదమ్ముల బిడ్డలు. పెద్దవాడు సింహాద్రి, వాడి తర్వాత వరహాలు, చిన్నది పైడిలక్ష్మి. ముగ్గురికీ ఒకేసారి సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ డిగ్రీలో సీట్లొచ్చాయి. ఎలా వచ్చాయని అడక్కండి, వచ్చాయి. వాళ్ళ తాతకైతే నేల మీద కాళ్ళు నిలవలేదు. "మా ఇంట్లో బుర్రలు తప్ప ఇంకేమీ పండవండీ" అని కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

మొదటిరోజు క్లాసులో విశాలాక్షి మేడం అన్నారు, "కంప్యూటర్‌కి సొంత తెలివి ఉండదు. చెప్పింది చెప్పినట్టు చేస్తుంది, అంతే."

ముగ్గురూ మురిసిపోయారు.

"అచ్చం మన ఇంటి మనిషిలా ఉందిరా!" అన్నాడు సింహాద్రి.

"ఏ ప్రోగ్రామైనా ముందు కాగితం మీద పెట్టాలి. ఆ తర్వాతే రాయడం మొదలెట్టాలి" అని కూడా చెప్పారు మేడం. ఇంకేముంది! ఆ రోజు నుంచి బల్ల మీద న్యూస్‌పేపరు పరిచి, దాని మీద ల్యాప్‌టాప్ పెట్టందే వాళ్ళు ఒక్క అక్షరం కొట్టేవాళ్ళు కాదు. పక్క బెంచీ వాళ్ళని చూసి పైడిలక్ష్మి జాలిపడేది. "పాపం, ఉత్త బల్ల మీదే రాసేస్తున్నారు. వీళ్ళెప్పుడు బాగుపడతారో!"

అలా ఆఖరి సంవత్సరానికి వచ్చారు. ప్రాజెక్టు చెయ్యాలి. నిజమైన మనిషికి పనికొచ్చే ప్రోగ్రాం రాసి చూపిస్తేనే డిగ్రీ, లేకపోతే ఏడాది పోతుంది. మేడం ముగ్గుర్నీ హాస్టల్ మెస్ నడిపే గురవయ్య దగ్గరికి పంపారు.

గురవయ్య మంచివాడు. ఆయనకున్న బాధ ఒక్కటే. ఎంతమంది తింటారో తెలీక రోజూ మిగిలిన అన్నం పారబొయ్యాలి. "పారబోస్తుంటే చెయ్యి రాదమ్మా" అన్నాడు. "రేపు తింటారో లేదో పిల్లలు ముందురోజే ఫోన్లో నొక్కాలి. ఆ లెక్క నాకు కనబడాలి. నాకా, చదువు రాదు. కళ్ళు మూసుకుని నొక్కినా పనైపోవాలి."

ముగ్గురూ రాత్రింబవళ్ళు కష్టపడ్డారు. మేడానికి తెచ్చి చూపించారు. స్క్రీన్ అంతా కారు నలుపు.

"ఏదీ, ఏమీ కనబడదేం?"

"కళ్ళు మూసుకునే మనిషికి బొమ్మలెందుకు మేడం? వృథా కదా!" అన్నాడు వరహాలు.

మేడం నుదురు రుద్దుకున్నారు. "వెళ్ళండి. ఆయనకి ఏం కావాలో మళ్ళీ అడగండి. ఆయన చెప్పింది తు.చ. తప్పకుండా చెయ్యండి."

హాస్టల్‌కి వెళ్తూ పైడిలక్ష్మికి అనుమానమొచ్చింది. "అన్నయ్యా, మన ప్రోగ్రాంలో తు ఎక్కడుంది? చ ఎక్కడుంది?"

"అమ్మో, రెండూ తప్పిపోయాయే!" అని గుండె బాదుకున్నాడు సింహాద్రి. అంతే, నలుపు తీసేసి, ప్రతి వంటకం పేరు పక్కనా పెద్ద పెద్ద అక్షరాలతో తు, చ పెట్టేశారు. ఒక్కటి కూడా తప్పలేదు. అదే సాయంత్రం హాస్టల్ పిల్లలందరి ఫోన్లలోకీ, గురవయ్య ఫోన్లోకీ ఎక్కించేశారు.

పొద్దున్నే గురవయ్య ఫోను తెరిచి, పక్కనున్న పిల్లాడి చేత చదివించుకున్నాడు.

"ఇడ్లీ... తు. చ. సాంబారు... తు. చ. వంకాయ కూర... తు. చ."

గురవయ్య మొహం ఎర్రబడింది. "ఏంటీ? నా ఇడ్లీని చూసి తూ అంటారా? నా సాంబారుని ఛ అంటారా? ఇన్నేళ్ళు కన్నబిడ్డల్లా వండిపెట్టానే!" భుజం మీద తువ్వాలు విసిరికొట్టాడు. రేపట్నుంచి పొయ్యి వెలిగించనని తెగేసి చెప్పాడు.

హాస్టలంతా గగ్గోలెత్తిపోయింది. మేడం ముగ్గుర్నీ పిలిపించారు. "పిల్లలందర్నీ పస్తులుంచుతారా? ముందు వెళ్ళి ఆయన కాళ్ళు పట్టుకోండి!"

ముగ్గురూ పరుగెత్తారు. అప్పుడే గురవయ్య ఇదే ఆఖరి పూట వంటంటూ సాంబారు గిన్నె ఎత్తుకుని వస్తున్నాడు. సింహాద్రి కుడికాలు పట్టుకున్నాడు. వరహాలు ఎడమకాలు పట్టుకున్నాడు. పైడిలక్ష్మికి కాలు మిగల్లేదు, సింహాద్రి కాలు పట్టుకుంది. ఇంకేముంది! గురవయ్య కూలబడ్డాడు. గిన్నె దొర్లింది. సాంబారు మెస్ అంతా పారింది, మునక్కాడలు గుమ్మం దాటి పోయాయి.

"వదలండి నాయనా!"

"కుదరదండీ. పట్టుకోమన్నారు గానీ వదలమని చెప్పలేదు."

ఆయన తిట్టాడు. బతిమాలాడు. ఆఖరికి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. మేడం వచ్చి "వదలండి" అనేదాకా ముగ్గురూ కదల్లేదు. తు.చ. అంటే ఏమిటో ఆవిడే ఆయనకి విడమర్చి చెప్పారు. గురవయ్య కళ్ళు తుడుచుకున్నాడు. "వీళ్ళకి కడుపులో కల్మషం లేదమ్మా. నా పని వీళ్ళే చెయ్యాలి."

ఈసారి మేడం పక్కన కూర్చుని ఒక్కో మాటకీ అర్థం చెప్పారు. ప్రోగ్రాం నిజంగానే కుదిరింది. పచ్చ బొమ్మ నొక్కితే తింటాను, ఎర్ర బొమ్మ నొక్కితే తినను. గురవయ్య లెక్క చూసి వండాడు. ఆ రోజు పారబొయ్యడానికి మెతుకు మిగల్లేదు. ఖాళీ గిన్నెలోకి తొంగిచూసి ఆయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షాధికారి కూడా మెచ్చుకుని ముగ్గుర్నీ పాస్ చేశాడు. వెళ్తూ వెళ్తూ, "ఇంకా ఆలస్యమెందుకు? వేడివేడిగా పట్టుకెళ్ళి గురవయ్య గారికి అందించండి" అన్నాడు.

అంతే. ఫోన్ల లెక్కంతా నడిపే ప్రోగ్రాం ఉన్న ల్యాప్‌టాప్‌ని తిన్నగా మెస్‌కి తీసుకెళ్ళి, ఇడ్లీపాత్రలో పెట్టి, నీళ్ళు పోసి, మూత పెట్టారు.

గురవయ్య మూత తీసేసరికి గుప్పున ఆవిరి. ఆయన కేకకి మేడం పరుగున వచ్చారు.

"నా తల్లే! దీనికి కాపీ ఉందా?"

వరహాలుకి రోషమొచ్చింది. "కాపీయా మేడం? నాలుగేళ్ళలో పరీక్షల్లోనే కొట్టలేదు. ప్రాజెక్టులో కొడతామా?"

గురవయ్య దిగాలుగా కూర్చున్నాడు. మళ్ళీ అన్నం పారబొయ్యాలా అని. ఆయన మొహం చూడలేక ముగ్గురూ కాలేజీ ల్యాబ్‌లో కూర్చుని ప్రోగ్రామంతా మొదట్నుంచీ మళ్ళీ రాశారు. ఎవరూ అడగలేదు, డిగ్రీ వచ్చేసింది కూడా. అయినా రాశారు. మేడానికి ఎంత ముచ్చటేసిందో!

"శభాష్! ఈసారి మాత్రం జాగ్రత్త. ఎందుకైనా మంచిది, ఒక కాపీ తీయించి నా బల్ల మీద పెట్టండి" అని ఇంటికి వెళ్ళారు.

తెల్లారి వచ్చేసరికి ల్యాబ్‌లో కంప్యూటర్ లేదు. ఎవరో దాన్ని ఊడబీకి ఆటోలో ఎక్కించుకుపోయారని వాచ్‌మన్ లబోదిబోమంటున్నాడు. మేడం గుండె పట్టుకుని తన గదిలోకి వచ్చారు. బల్ల మీద రెండు జిరాక్స్ కాగితాలున్నాయి. బల్ల పక్కన కంప్యూటర్ని ఎత్తుకుని ముగ్గురూ చెమటలు కక్కుతూ నిలబడ్డారు.

"వెనకవైపు కూడా తీయించాం మేడం," అంది పైడిలక్ష్మి గర్వంగా, "వైర్లతో సహా!"